ఎనభై నాలుగు దగ్గరి బొడిపె

విశ్వం అంచున ఉన్న గెలాక్సీని కనిపెట్టిన మనిషి కరీంనగర్ కూరగాయల మార్కెట్లో పుచ్చు లేని వంకాయలు ఏరుకుంటూ కనిపిస్తాడని మీరు అనుకోరు. అనుకోకపోవడమే మంచిది. దాన్ని నేను కనిపెట్టలేదు. అది విశ్వం అంచున కూడా లేదు. కానీ అక్కడే ఉందని దాదాపు ఏడాదిపాటు ఈ ఊళ్లో దొరికిన ప్రతి మనిషికీ చెప్పాను. రెండు శాలువాలు కప్పించుకున్నాను. ఒక స్కూల్లో ముఖ్య అతిథిగా జెండా ఎగరేశాను. ఆ శాలువాల్లో ఒకటి ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టర్ మీద కప్పి ఉంటుంది. రెండోది ఎక్కడుందో మా ఆవిడ చెప్పదు.

రిటైరై నాలుగేళ్లయింది. ఇప్పటికీ ఎమ్మెస్సీ పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వస్తారు. "సార్, మీరు పెద్ద టెలిస్కోపు నడిపిన్రంట గదా" అని అడుగుతారు. నడిపానంటాను. ఏం చేయను, వాళ్ల కళ్లు అట్లా ఉంటాయి. వాళ్లు చాయ్ తాగి వెళ్లాక నా మీద నాకే చిరాకేస్తుంది. అందుకే ఒకసారి కాగితం మీద పెట్టేస్తున్నాను. ఆ టెలిస్కోపు దక్షిణ అమెరికాలో ఒక ఎడారి కొండల మీద ఉంది. ఒక్కటి కాదు, పెద్ద పెద్ద పళ్లేల్లాంటి యాంటెన్నాలు పదుల కొద్దీ ఉంటాయి. వాటిలో ఒక్కదాన్నీ నేను కంటితో చూడలేదు. పాస్‌పోర్టు తీసుకున్న మాట నిజమే. దాని మీద ఒక్క ముద్ర పడకుండానే గడువు తీరిపోయింది. నేను నడిపింది మా కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో, స్టోర్‌రూమ్ పక్కన, ఎండాకాలం వస్తే మూలిగే ఒక కంప్యూటర్ని. టెలిస్కోపు తీసిన డేటా ఇంటర్నెట్‌లో వస్తుంది. అది దిగడానికి మూడు రోజులు పట్టేది. రెండున్నర రోజులు అయ్యాక కరెంటు పోయేది. మళ్లీ మొదటి నుంచి.

ముందు పని గురించి కాస్త చెప్పాలి. విసుక్కోకండి. ఇది తెలియకపోతే నేను చేసిన తప్పు ఎంత తీరిగ్గా చేశానో మీకు అర్థం కాదు.

చాలా దూరంలో కొన్ని గెలాక్సీలున్నాయి. వాటిలో కొత్త నక్షత్రాలు తెగ పుడుతుంటాయి, కానీ ఒళ్లంతా దుమ్ము. ఆ దుమ్ము లోపలి వెలుతురును మింగేస్తుంది. మామూలు టెలిస్కోపు పెట్టి చూస్తే అక్కడ ఏమీ ఉండదు. అయితే వెలుతురు మింగిన దుమ్ము వెచ్చబడుతుంది, ఆ వెచ్చదనం మాకు అందుతుంది. మా బాపు మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడు. షిఫ్టు దిగి పైకి వస్తే మొఖం కనబడేది కాదు గానీ పక్కన నిలబడితే ఒంటి సెగ తెలిసేది. పేపరు విలేకరి అడిగినప్పుడు ఇదే చెప్పాను: మసిలో పెరిగినవాణ్ణి కాబట్టే మసి పట్టిన గెలాక్సీలను ఎంచుకున్నానని. మంచి మాట. అచ్చయింది కూడా. అసలు సంగతేమిటంటే, దేశంలో నాలుగైదు చోట్ల వాళ్లు కలిసి కట్టిన జట్టులో నాకు తెలిసినాయన ఒకాయన ఉండేవాడు. చేసేవాళ్లు దొరక్క మిగిలిపోయిన పని ఒకటుంది, తీసుకుంటారా అన్నాడు. తీసుకున్నాను.

ఇక దూరం సంగతి. ఈ గెలాక్సీల్లో కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్ ఉంటుంది. రేడియో స్టేషన్ల లాగా అది కచ్చితమైన అంకెల దగ్గరే పలుకుతుంది. గెలాక్సీ ఎంత దూరముంటే, మన దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె అంత కిందికి దిగుతుంది. ఎంత దిగిందో చూస్తే దూరం తెలిసిపోతుంది. చిక్కేమిటంటే ఆ గ్యాస్ ఒక్క అంకె దగ్గర పలకదు, నిచ్చెన మెట్లలా వరసగా చాలా అంకెల దగ్గర పలుకుతుంది. మన గ్రాఫులో ఒక్క గీత దొరికిందనుకోండి. అది మూడో మెట్టు కొంచెం దిగి వచ్చిందా, ఐదో మెట్టు బాగా దిగి వచ్చిందా? తెలియదు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీద నలభై అని ఉండి ఊరి పేరు చెరిగిపోయినట్టు. నలభై సరే, ఎక్కడికి నలభై? మెట్‌పల్లికా, నిర్మల్‌కా? ఇంకో రాయి కనబడితే తప్ప చెప్పలేం. కాబట్టి రెండో గీత దొరకకుండా దూరం చెప్పకూడదు. ప్రతి బ్యాచికీ నేను బల్ల గుద్ది చెప్పిన మొదటి సూత్రం ఇదే. రెండోది, గ్రాఫు అంచులను నమ్మకూడదు. రిసీవర్ ఎంత మంచిదైనా అంచుల దగ్గర పిచ్చి కూతలు కూస్తుంది. అంచులు కత్తిరించి పారేయాలి.

ఈ రెండు సూత్రాలనూ నేను ఒకే మధ్యాహ్నం తప్పాను.

నా దగ్గర చివరగా పిహెచ్‌డీ చేసిన అమ్మాయిది సిరిసిల్ల. వాళ్ల బాపు పరాయివాళ్ల షెడ్డులో సాంచెలు నడుపుతాడు. పవర్‌లూమును అక్కడ సాంచె అంటారు. ఆ చప్పుడులో పెరిగినందుకో ఏమో, ఆమె మాట నెమ్మది. నెమ్మది అంటే మంచిదనుకునేరు. గంటకోసారి తలెత్తి "ఒక్క మాట సార్" అనేది. ఆ ఒక్క మాటతో నా వారం రోజుల పని పోయేది. పొద్దున రెండు గంటలు గెస్టు లెక్చరరుగా పాఠాలు చెప్పి, ఆ తరువాత వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆమె రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఇక పొడిగించరు. వచ్చే ఎండాకాలం సెలవులు ముగిసేలోగా థీసిస్ ఇవ్వకపోతే ఆరేళ్ల పని గంగలో కలుస్తుంది. మూడు అధ్యాయాలు అయ్యాయి. నాలుగోది, అసలుది, ఈ గెలాక్సీ.

దాంట్లో మొదటి గీత తొంభై ఎనిమిది పాయింట్ ఎనిమిది గిగాహెర్ట్జ్ దగ్గర శుభ్రంగా, తలెత్తుకుని కనబడింది. అది మూడో మెట్టైతే గెలాక్సీ దూరమే, కానీ అట్లాంటివి బోలెడున్నాయి. ఐదో మెట్టైతే మాత్రం మహా దూరం. అంత పాతకాలంలో అంత గ్యాస్, అంత వేడి ఉన్న గెలాక్సీలు అరుదు. ఐదో మెట్టు అనడానికి సాక్ష్యంగా ఇంకో గీత, ఆ గ్యాస్‌తోపాటే ఉండే విడి కార్బన్‌ది, ఎనభై నాలుగు పాయింట్ నాలుగు దగ్గర రావాలి. అంటే సరిగ్గా మా గ్రాఫు అంచున.

చూశాను. అక్కడ ఒక బొడిపె ఉంది.

పక్కపక్క అంకెలను కలిపి సగటు తీస్తే గ్రాఫు నున్నబడుతుంది. తప్పేం కాదు, అందరూ చేసేదే. రెండు కలిపితే అది బొడిపె. ఐదు కలిపితే గుట్ట. పది కలిపేసరికి నాకు ఎల్గందుల ఖిల్లా కనబడింది.

"సూసినవా బిడ్డా?" అన్నాను.

"సూసిన సార్. ఒక్క మాట సార్."

"చెప్పు."

"అది అంచుల ఉన్నది గద సార్. అంచులు కోసి పారెయ్యాలని మీరే చెప్పిన్రు."

"గా సూత్రం మామూలు గెలాక్సీలకు. ఇది మామూలుదా?"

"మామూలుది కాదని ఎట్ల తెల్సింది సార్?"

"బొడిపె కనవడ్తలేదా?"

"బొడిపె నిజమని ఎట్ల తెల్సింది?"

"గెలాక్సీ మామూలుది కాదు గనుక!"

మీరు నవ్వుతున్నారు. ఆ రోజు ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన మనిషి గానుగెద్దులా తిరుగుతున్నాడని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

మర్నాడు ఆమె రెండు గ్రాఫులు తెచ్చి నా బల్ల మీద పరిచింది. ఆ డేటాను టెలిస్కోపు రెండు రోజుల్లో తీసింది. నేను రెండూ కలిపేశాను. ఆమె ఏ రోజుది ఆ రోజు విడదీసింది. తొంభై ఎనిమిది దగ్గరి గీత రెండు రోజుల్లోనూ ఉంది. ఎనభై నాలుగు దగ్గరి బొడిపె మొదటి రోజే ఉంది. రెండో రోజు అక్కడ ఏమీ లేదు.

"రెండో రోజు గా కొండ మీద మబ్బు పట్టి ఉంటది" అన్నాను.

"టెలిస్కోపు లాగ్‌బుక్కు సూసిన సార్. మబ్బు లేదు. మొదటి రోజుకంటె రెండో రోజే ఆకాశం సాఫ్ ఉన్నది."

ఆమె గ్రాఫులు సర్దుతూ అంది: "మా బాపు సాంచె మీదికెల్లి తాను దించినంక బట్టను రెండు దిక్కుల తిప్పి సూస్తడు సార్. చార నేతల ఉంటే రెండు దిక్కుల కనవడ్తది. ఒక్క దిక్కే కనవడితే అది నేత గాదు, మరక."

"మీ బాపు గెలాక్సీలు నేస్తుండా?" అన్నాను.

ఆమె గ్రాఫులు అక్కడే పెట్టి పోయింది. సాయంత్రం వాటినే నాకు మెయిల్ చేసింది, జట్టుకు పంపమని. నేను పంపలేదు. పనుల ఒత్తిడిలో మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. దాచాను.

పేపరు రాసి జర్నల్‌కు పంపాం. రచయితల్లో మొదటి పేరు ఆమెది పెట్టాను. "ఎంత పెద్ద మనసు" అన్నారు తోటి లెక్చరర్లు. నేనూ అదే అనుకున్నాను. తేడా వస్తే మొదటి పేరు మీదే దెబ్బ పడుతుందన్న లెక్క ఆ రోజు నా మనసులో లేదని ప్రమాణం చేయగలను. రెండోసారి చేయమనకండి.

జర్నల్ నుంచి జవాబు రాకముందే మా ప్రిన్సిపాల్‌కు సంగతి తెలిసింది. ఎట్లా తెలిసింది? నేనే చెప్పాను. ఆయన బాటనీ మనిషి, ఉత్సాహవంతుడు. కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టాలన్నాడు.

"సార్, దూరం కిలోమీటర్లల్ల ఎంత?"

"కిలోమీటర్లల్ల చెప్పరు సార్. వెలుతురు అక్కడ బయలెల్లి పన్నెండు వందల యాభై కోట్ల ఏండ్లయింది."

"గట్ల రాస్తే జనానికి ఏం సమజైతది? కిలోమీటర్లు రాయున్రి. సున్నాలు ఎన్నుంటె అంత మంచిది."

లెక్క కట్టి సున్నాలు రాసిచ్చాను. ఫ్లెక్సీ కొట్టినాయనకు చోటు సరిపోక చివర నాలుగు సున్నాలు ఎగరగొట్టాడు. దాంతో మా గెలాక్సీ విశ్వం అంచు నుంచి ఎగిరొచ్చి మన పక్క గెలాక్సీ కంటే ఇవతల పడింది. పైన నా ఫొటో, కింద "విశ్వం అంచుకు మన కాలేజీ" అని అక్షరాలు. ఎమ్మెల్యే వచ్చాడు, లెక్చరర్లు వచ్చారు, ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు మొత్తం ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఫొటో దిగింది. సున్నాలు లెక్కపెట్టిన మనిషి ఒక్కరే.

"ఒక్క మాట సార్," అంది. "నా ఫొటో ఎయ్యకున్రి పేపర్ల."

"ఎందుకు? మీ బాపు సూసుకుంటడు."

"అందుకే సార్."

ఫొటో వేయించాను. ఆమె పేరు కూడా. షెడ్డులో అందరికీ చూపించాడట వాళ్ల బాపు, ఆ కాగితం మడతలు పడి చిరిగేదాకా.

నాలుగు నెలలకు జర్నల్ నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే అడిగారు: రెండో గీత అంచున ఉంది, వేరే చోట ఇంకో గీత చూపించండి. జట్టు పెద్ద పుణెలో ఉంటారు, మరాఠీ ఆవిడ, నాకంటే పదిహేనేళ్లు చిన్న, మాటలో మాత్రం నాకు పెద్దమ్మ. ఆవిడ ఇంకో టెలిస్కోపులో కాస్త సమయం సంపాదించి, మాకు ఒక మెయిల్ రాశారు. గీతను తప్పుగా గుర్తించినట్టు తేలితే ఆ గెలాక్సీ డేటా గుర్తించినవాళ్ల దగ్గర ఉండదు, వేరే చోట ఇంకో స్కాలర్‌కు ఇచ్చేస్తారు. జట్టు మొదలైన రోజు నుంచీ ఉన్న నియమమే అది. దాని కింద సంతకాల్లో నాదీ ఉంది.

డేటా పోతే నాలుగో అధ్యాయం పోయినట్టే. నాలుగో అధ్యాయం లేకపోతే థీసిస్ లేదు. ఎండాకాలం సెలవులకు ఇంకా మూడు నెలలు. ఆ మెయిల్ చదివాక ఆ అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. "ఒక్క మాట సార్" లేకుండా పది రోజులు గడిచాయి. నాకు అంత ఇబ్బందికరమైన పది రోజులు ఉద్యోగంలో చేరాక లేవు, ఆదిలాబాద్‌లో పచ్చకామెర్లతో పరీక్షల డ్యూటీ చేసినప్పుడు కూడా.

ఫలితం వచ్చిన రోజు వీడియో మీటింగు. మధ్యాహ్నం మూడు గంటలు. డిపార్ట్‌మెంటు గదిలో ఆమె లాప్‌టాప్ ముందు మేమిద్దరం. కొత్త గ్రాఫులో ఏం చూడాలో ముందే తెలుసు. నేను చెప్పినట్టు మహా దూరమైతే నూట ముప్పై ఎనిమిది దగ్గర గీత రావాలి. మామూలు దూరమైతే నూట ముప్పై ఒకటి పాయింట్ ఏడు దగ్గర ఒకటి, నూట నలభై పాయింట్ ఆరు దగ్గర ఒకటి రావాలి.

మీటింగ్ మొదలైందో లేదో, తలుపు దగ్గర మా అటెండర్. ఆదిలాబాద్ నుంచి నాతోపాటే బదిలీ మీద వచ్చిన మనిషి, గొంతు తగ్గించడం తెలియదు.

"సారు, చా ఇప్పుడే తేవాల్నా, జర ఆగాల్నా?"

నేను లాప్‌టాప్ మీద ఏదో నొక్కి, వెనక్కి తిరిగి, "మీటింగు నడుస్తుంటె గీ లొల్లి ఏందివయా?" అని కసిరాను.

"ఆగమంటె ఆగుత గద," అని అక్కడే నిలబడ్డాడు.

తెర మీదికి గ్రాఫు వచ్చింది. నూట ముప్పై ఎనిమిది దగ్గర కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. సిమెంటు గచ్చులా చదును. నూట ముప్పై ఒకటి దగ్గర ఒక గీత. నూట నలభై దగ్గర ఇంకొకటి. రెండూ నున్న చేయాల్సిన అవసరం లేనివి, దూరం నుంచి కూడా కనబడేవి. పక్కనున్న అమ్మాయి పెన్ను మూత పెట్టి బల్ల మీద పడుకోబెట్టింది.

జట్టు పెద్ద అడిగారు: ఎనభై నాలుగు దగ్గర గీత ఉందని చెప్పింది ఎవరు? రెండు రోజుల డేటా విడివిడిగా చూశారా?

ఇక్కడ నేను ఏం చేశానో నా రిటైర్మెంటు సభలో చెప్పాను. కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడి, "తప్పు నాది. ఆ అమ్మాయి మొదటి నుంచీ వద్దంటూనే ఉంది. విడదీసిన గ్రాఫులు ఆమె నాకు ఇచ్చింది, నేను మీకు పంపలేదు. డేటా ఆమె దగ్గరే ఉండాలి" అన్నాను. సభలో చప్పట్లు పడ్డాయి. ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ కళ్లు తుడుచుకున్నాడు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కాకపోతే అవి నేను రెండోసారి అన్న మాటలు.

మొదటిసారి అన్నవి వేరు. "డేటా పని అంతా మా స్కాలరే చూసుకుంది. నేను పైపైన చూశానంతే. చిన్నవాళ్లు కదా, ఉత్సాహం ఎక్కువ, మనం అర్థం చేసుకోవాలి" అన్నాను. ఇంగ్లిష్‌లో అన్నాను. ఇట్లాంటివి ఇంగ్లిష్‌లో మహా నున్నగా వస్తాయి. కూర్చునే అన్నాను. పక్కనే, మూరెడు దూరంలో ఆమె ఉండగా అన్నాను. తెర మీద జట్టు పెద్ద చెవికి చెయ్యి ఆనించుకుని ముందుకు వంగారు. నా మాట ఎంత శ్రద్ధగా వింటున్నారో అనుకున్నాను.

"సార్," అంది అమ్మాయి. "మైకు బంద్ ఉన్నది."

నాకు అర్థం కాలేదు.

"మీ మాట వాళ్లకు ఇనవడలేదు. ఆన్ జేస్తున్న. మల్ల చెప్పున్రి."

కోపంగా అనలేదు. ఏడుస్తూ అనలేదు. ప్రింటర్‌లో కాగితం అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. వేలు మీట మీద పెట్టింది, నొక్కలేదు. నా మొఖంలోకి చూసింది. నేను ఆ వేలును చూశాను. గోరు దగ్గర బాల్‌పెన్ సిరా మరక ఉంది. తలుపు దగ్గర అటెండర్ కూడా ఆ వేలునే చూస్తున్నాడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు, కానీ మనుషుల వాటం తెలుస్తుంది.

అప్పుడు నొక్కింది.

నేను మాట్లాడాను. లేచి నిలబడలేదు. నిలబడితే తెరలో నా పొట్ట తప్ప ఏమీ కనబడదు. సభలో చెప్పినంత ధారాళంగా కూడా రాలేదు. మధ్యలో ఒకసారి వాక్యం మొదలుపెట్టి ఎటు పోవాలో తెలియక వదిలేశాను. కానీ చెప్పాల్సినవన్నీ చెప్పాను. మెయిల్ దాచిన సంగతి చెప్పేటప్పుడు తేదీ గుర్తురాలేదు. ఆమె పక్క నుంచి అందించింది.

జట్టు పెద్ద ఆ విడదీసిన గ్రాఫులు ఇప్పుడు పంపగలరా అని అడిగారు. నన్ను కాదు, ఆమెను. నిమిషంలో పంపింది. ఆవిడ అవి చూసి, పక్కనున్న ఎవరితోనో మరాఠీలో ఏదో అన్నారు.

మా అటెండర్ మహారాష్ట్ర సరిహద్దులో పెరిగినవాడు, మరాఠీ వచ్చు. తలుపు వైపు తిరిగి నెమ్మదిగా అడిగాను. "ఏమన్నదివయా?"

"నిజం ఆలస్యంగనన్న వచ్చింది అన్నది సారు."

"గంతేనా?"

"ఇంకోటి గూడ అన్నది. అది మీకెందుకు తియ్యున్రి."

డేటా ఆ అమ్మాయి దగ్గరే ఉంచారు. గీతను తప్పుగా గుర్తించింది ఆమె కాదు గనుక నియమం ఆమెకు వర్తించదన్నారు. పేపరు వెనక్కి తీసుకుని మళ్లీ రాయాలన్నారు. ఇకపై ఏ గ్రాఫైనా ఆమె నుంచి నేరుగా జట్టుకు రావాలి, గైడు మీదుగా కాదు. ఆ చివరి ముక్క నా సర్వీసు రిజిస్టరులో ఎక్కలేదు గానీ, అంతకంటే పెద్ద పనిష్మెంటు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ ఎండాకాలం ఆమె పని చూసి తీరాల్సింది. దూరం మారగానే లెక్కలన్నీ మారిపోయాయి. గ్యాస్ బరువు దాదాపు సగానికి వచ్చింది. వేడి తగ్గింది. నేను అద్భుతమని ఊరేగించిన గెలాక్సీ, తన ఈడు గెలాక్సీల పక్కన నిలబెడితే గుర్తుపట్టలేనంత మామూలుది అయింది. మామూలుదే, కానీ మొట్టమొదటిసారి దాని గ్యాస్ గురించి నమ్మదగ్గ అంకెలు మా చేతికొచ్చాయి. ఒక్క గీతతో దూరం చెబితే ఎక్కడెక్కడ కాలు జారుతుందో ఆమె అధ్యాయంలో విడిగా రాసింది. ఎవరి కాలు జారిందో రాయలేదు. గడువుకు రెండు రోజుల ముందు థీసిస్ ఇచ్చింది.

ప్రిన్సిపాల్‌కు చెప్పే పని నాదే.

"సార్, మన గెలాక్సీ అనుకున్నంత దూరం లేదు. దగ్గరికి వచ్చింది."

ఆయన గాభరాగా చూశాడు. "ఎంత దగ్గరికి? మనకేం ప్రమాదం లేదు గద?"

లేదన్నాను. ఫ్లెక్సీ విప్పించమన్నాను. చలికాలం దాకా ఉంచుదామన్నాడు, ఎట్లాగూ చిరిగిపోతుందని. దాన్ని నేనే నిచ్చెన వేసుకుని ఎక్కి కోసేశానని చాలామందికి చెప్పాను. అటెండర్ ఎక్కాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

వైవా అయిన మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చింది. బాపును కూడా తీసుకొచ్చింది. సన్నటి మనిషి, సాంచెల చప్పుడుకు చెవులు మందగించి గట్టిగా మాట్లాడతాడు. "మా బిడ్డను డాక్టరు జేసిన్రు సారూ" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నేనేమీ చేయలేదని చెప్పబోయాను. ఆయనకు వినబడలేదో, వినదలుచుకోలేదో. మా ఆవిడ ఆయనకు ఇల్లు చూపించడానికి లోపలికి తీసుకెళ్లింది.

ఇద్దరమే మిగిలాం. నెలల తరబడి నన్ను తొలిచిన సంగతి అప్పుడు అడిగాను.

"ఆ దినం మైకు నువ్వు బంద్ జేసినవా బిడ్డా?"

"లేదు సార్. మీరే జేసిన్రు. అటెండర్ అన్న చా తేవాల్నా అని అడగవచ్చినప్పుడు."

"నువ్వెప్పుడు సూసినవ్?"

"అప్పుడే సూసిన."

"మరి నేను మాట్లాడకముందే ఎందుకు చెప్పకపోయినవ్?"

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. లోపలి నుంచి వాళ్ల బాపు గొంతు గట్టిగా వినిపిస్తోంది, ఇన్వర్టర్ ఎన్ని గంటలు వస్తదమ్మా అని అడుగుతున్నాడు.

"మీరేమంటరో నాకు తెల్సు సార్," అంది. "అది నేనొక్కదాన్నే ఇంటె సాలనుకున్న."